కొంగలు చూపిన సందు

నోట్లో బుట్ట ఉన్నంతసేపూ గంగులమ్మ మాట్లాడదు. మాట్లాడటం కుదరదు. బుట్టకు కట్టిన తాడును పళ్ళ మధ్య బిగించి, మోకాలి లోతు నీళ్ళలో గొంతుక్కూర్చుని, రెండు చేతులూ అడుగు బురదలో ఆడిస్తూ ముందుకు జరగాలి. వేళ్ళకు రొయ్య తగలగానే పిడికిలి మూయాలి, గడ్డం కింద వేలాడే బుట్టలో వదలాలి. తడ ఊరి దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున ఆమె తల్లీ అలాగే పట్టింది, అమ్మమ్మా అలాగే పట్టింది. వల లేదు, పడవ లేదు. కార్యాలయాల్లో మత్స్యకారులు అనగానే పడవ కాగితాలు అడుగుతారు. చేతులే వలగా బతికే ఆడవాళ్ళను ఏ పేరుతో పిలవాలో ఇన్నేళ్ళయినా అక్కడెవరూ తేల్చుకోలేదు. పేరు లేనివాళ్ళకు సాయమూ అందదు, హక్కూ దక్కదు.

ఇది ఒక్కరు చేసే పని కాదు. ఒక్కతే దిగితే రొయ్య పక్కకు తప్పుకుని పోతుంది. అందుకే ఆడవాళ్ళు వరస కట్టి దిగుతారు. ఒకరి మోచెయ్యి పక్కావిడ మోచేతికి తగులుతూ ఉండాలి. నోరు కట్టేసి ఉంటుంది కనుక కబుర్లన్నీ మోచేతులవే. పక్కావిడ అలిసిందా, గుంటలో కాలు పడిందా, గవ్వ గుచ్చుకుందా, అన్నీ ఆ తాకిడిలోనే తెలుస్తాయి. అందరికంటే నెమ్మదైన మనిషి ఎంత వేగంగా కదిలితే వరసంతా అంతే వేగంగా కదులుతుంది. ఆమెను దాటి ముందుకురికితే బురద రేగి, అందరి ముందున్న రొయ్యలూ బెదిరిపోతాయి. ఒడ్డుకొచ్చాక బుట్టలన్నీ ఒకే కుప్పగా పోసి డబ్బాతో కొలిచి పంచుకుంటారు. ఇంట్లో ఉన్న బాలింతకూ వాటా పోతుంది. ఐకమత్యం గురించి బోర్డు మీద రాసి చెప్పడానికి వచ్చే అధికారులెవరూ ఈ కుప్ప దగ్గర ఆగి చూసినట్టు లేదు.

గంగులమ్మది ఈతదిబ్బ. అదే ఒడ్డున కాస్త దూరంలో ఉప్పుదిబ్బ. ఇక్కడ గంగమ్మ గుడి, అక్కడ చిన్న చర్చి. అయినా పిల్లనిచ్చి పుచ్చుకున్న ఊళ్ళు. రెండు దిబ్బల మధ్య ఉన్న లోతులేని నీళ్ళు ఈ ఆడవాళ్ళవి. ఒడ్డు నుంచి పడవలు తిరిగే కాలువ దాకా ఆ నీటి వెడల్పు ఒక్క దిబ్బ వాళ్ళతో నిండదు. రెండు దిబ్బల వాళ్ళూ కలిసి దిగితేనే వరస నిండుతుంది. అలాగే దిగేవాళ్ళు, వరద వచ్చిన ఏడాది దాకా.

ఆ వరదలో ఎవరో దయగల కుర్రాళ్ళు పడవలో బియ్యం, దుప్పట్లు తెచ్చి ఈతదిబ్బ దగ్గర ఆపారు. ఇంకా ముందుకు పోతే ఊళ్ళున్నాయా అని అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. పడవ ఖాళీ చేసుకుని కుర్రాళ్ళు వెనక్కి పోయారు. ఉప్పుదిబ్బ వాళ్ళకు ఈ సంగతి తెలిశాక పెళ్ళికి పిలుపుల్లేవు, చావుకు పలకరింపుల్లేవు. ఎవరి దిబ్బ ముందు వాళ్ళే దిగి, చిక్కినన్ని పట్టుకుని లేచేవారు. నడిమధ్య నీళ్ళు అలాగే పడి ఉండేవి.

పడి ఉన్న నీళ్ళను దగ్గర్లోని పెద్దూరులో ఉండే రఘునాథ్ చూశాడు. అతనికి పడవలున్నాయి, మనుషులున్నారు. గుంజలు పాతి వలలు కట్టాడు. ముందు నడిమధ్యనే పాతాడు. తర్వాత గుంజలు ఈతదిబ్బ వైపు జరగసాగాయి.

గంగులమ్మకు భర్త లేడు. ఇంట్లో ఆమె, అత్త రుక్మిణమ్మ. దగ్గర్లోని ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకసారి నిలబడి చూసింది. చదువు లేదు, వయసు దాటిందని పంపేశారు. ఇక మిగిలింది ఈ నీళ్ళే. అవీ గుంజల పాలైతే పొయ్యి మీద పెట్టేదేమిటో తెలియదు. ఎవరు ఎక్కడ వేటాడాలో తీర్పు చెప్పేది పెద్దూరి పెద్దమనిషి మునిరామయ్య. ఆయన దగ్గరికి పోయింది. రఘునాథ్ కూడా అక్కడే ఉన్నాడు.

"మామా, ఆ నీళ్ళు మాయి గదా. మా అమ్మోళ్ళ కాలం నుంచి మేమే గదా దిగతా ఉండేది," అంది.

"మీయే. ఎవురు కాదన్నారు?" అన్నాడు మునిరామయ్య. "అయితే నడిమధ్యన మీ ఆడోళ్ళని సూసి ఎన్నాళ్ళయిందో సెప్పు. ఖాళీగా పడుండే తావులో గుంజ పాతినాడని వాణ్ణి నేనెట్లా తిట్టేది?"

రఘునాథ్ నవ్వాడు. "నువ్వొకదానివే దిగి నీళ్ళంతా పట్టేస్తావా ఏంది అక్కా?"

"నీ గుంజల్ని మాత్రం ఒకదాన్నే పీకేస్తా, సూస్తా ఉండు."

మునిరామయ్య చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "అమావాస్య పొద్దున వీడి వలలు ఎత్తి పెట్టిస్తా. మీరు ఈతదిబ్బ కాడ దిగి ఉప్పుదిబ్బ కాడ లెయ్యండి. ఒడ్డు నుంచి కాలవ దాకా వరస నిండల్ల, యాడా తెగకూడదు. అట్లా పోతే గుంజలు పీకిస్తా. పోలేకపోతే ఇంక నా కాడికి రావద్దు."

న్యాయమే అనిపించింది గంగులమ్మకు. అందుకే మరింత భయం వేసింది. వరస నిండాలంటే ఉప్పుదిబ్బకు పోవాలి.

ఉప్పుదిబ్బలో కృపామణి మాట చెల్లుతుంది. గంగులమ్మ పోయేసరికి ఆమె ఇంటి ముందు కూర్చుని బుట్టకు కొత్త తాడు కడుతోంది. తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

"ఏమ్మే, దోవ తప్పి వచ్చినావా?"

"లేదుమే. నీ కాడికే వచ్చినా."

"వరద పొద్దు ఈ దోవ గుర్తుకు రాలేదే మీకు."

దారి పొడుగునా గంగులమ్మ ఒక జవాబు కట్టుకుంది. మగవాళ్ళు చెప్పనివ్వలేదని, తాను ఆ సమయానికి అక్కడ లేనని. కృపామణి ముఖం చూశాక అది నోట్లోంచి రాలేదు.

"ఆ పిలకాయలు అడిగినప్పుడు నేను ఆడనే నిలబడి ఉండినా. నా చేతిలో కూడా సంచి ఉండినాది. సెప్పింటే సగం మీకు పోతాదని భయం. అందుకే నోరు తెరవలేదు."

కృపామణి చేతిలో తాడు ఆగిపోయింది. "మా సిన్నదానికి ఆ పొద్దు జొరం. గంజి కాసేదానికి పిడికెడు నూకలు లేవు."

ఆమె తాడు ముడి బిగించి బుట్ట పక్కన పెట్టింది.

"మన్నించమని అడిగేదానికి వచ్చినావా, పనికి పిలిచేదానికి వచ్చినావా?" అడిగింది కృపామణి.

"రెండిటికీ."

"మొదటిది ఇప్పుడు నా వల్ల కాదు. రెండోదానికి వస్తాం. నీళ్ళు పోతే మా పిల్లోళ్ళకీ గంజి ఉండదు."

మనసులు కలిశాకే పని కలుస్తుందని అనుకుంటాం. చాలాసార్లు అది అబద్ధం. అవసరం ముందు పిలుస్తుంది, మనసు ఎప్పుడో తీరిగ్గా వస్తుంది. రావచ్చు, రాకపోవచ్చు కూడా.

అమావాస్యకు ముందు రోజు పొద్దున గుంజలు లేని చోట ఒకసారి దిగి చూసుకుందామనుకున్నారు. ఈతదిబ్బ వాళ్ళు ఒడ్డు వైపు, ఉప్పుదిబ్బ వాళ్ళు కాలువ వైపు. అక్క పక్కన చెల్లెలు, అత్త పక్కన కోడలు, ఎప్పుడూ నిలబడినట్టే ఎవరి మనుషుల పక్కన వాళ్ళు. రెండు ఊళ్ళూ కలిసే చోట ఈతదిబ్బ అమల, ఆమె పక్కన కృపామణి. అమల కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. పాత గొడవ ఆమెకు తెలిసింది కొంచెమే. అయినా అత్తగారి ఊరి పట్టుదల అప్పుడే ఒంటబట్టింది. వరస కదిలింది.

ముసలి రుక్మిణమ్మ దిగలేదు. కర్ర పట్టుకుని ఒడ్డు మీద నడుస్తోంది. కాసేపటికి ఆగి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, అరవడం మొదలెట్టింది.

"ఓ అమ్మల్లారా! కొంగలకి విందు పెడతాండారా మే మీరు? ఎనక్కి తిరిగి సూడండే!"

నోట్లో బుట్టలున్న ఆడవాళ్ళు జవాబు చెప్పలేక వెనక్కి తిరిగారు. వరస వెనక, అమలకూ కృపామణికీ మధ్య మిగిలిన సందు నుంచి బారు తీసినట్టు, తెల్ల కొంగలు నిలబడి ఉన్నాయి. తీరిగ్గా ముక్కు ముంచి రొయ్య తీస్తున్నాయి, మింగుతున్నాయి. మిగతా నీళ్ళలో ఒక్క కొంగ లేదు.

అందరూ లేచి నిలబడి బుట్టలు దించారు. నోళ్ళు విడివడ్డాయి.

"మీ పిల్ల జరగలేదు!"

"మీ కృపామణే మోసెయ్యి ముడుసుకునింది!"

"నేను తగిలిస్తే ఆ యమ్మ పక్కకి పోతాండాది, నేనేం సేసేది?" అంది అమల ఏడుపు గొంతుతో.

"మోసేతులు తగిల్తే తేళ్ళు కుడతాయా మే?" అంది రుక్మిణమ్మ ఒడ్డు మీద నుంచి. "కొంగలకి ఉండే తెలివి మీకు లేకపాయె!"

ఉప్పుదిబ్బ వైపు ఎవరో పకాలున నవ్వి, చప్పున నోరు మూసుకున్నారు. కృపామణి నవ్వలేదు. కానీ కాదనలేదు.

గంగులమ్మ బుట్ట పట్టుకుని నీళ్ళు చిందించుకుంటూ నడిచి, ఉప్పుదిబ్బ వాళ్ళ మధ్యకు పోయి నిలబడింది. "మీరంతా ఒక పక్క, మేమంతా ఒక పక్క నిలబడితే ఈ సందు పోదు. మీది ఒకతి, మాది ఒకతి. అట్లా నిలబడదాం."

"నా పక్కన ఎప్పుడూ మా సెల్లెలే. అది ఊపిరి తీసినా నాకు తెలుస్తాది," అంది కృపామణి. "నువ్వు ఎప్పుడు కదుల్తావో నాకేం తెలుసు?"

ఆ మాటలో నిజముంది. ఒకరి పక్కన ఒకరు కుదురుకోవడానికి ఏళ్ళు పట్టిన మనుషులు. వాళ్ళ చేతిలో ఉన్నది ఒక్క పగలు. అప్పటికే నీళ్ళు కలకబారి బురదగా ఉన్నాయి, మళ్ళీ దిగడానికి లేదు. రుక్మిణమ్మే అంది, ఇసకలో చేసి చూసుకోమని.

అలా ఆ రోజు ఆడవాళ్ళంతా పొడి ఇసకలో గొంతుక్కూర్చుని, నోట్లో బుట్టలు కరుచుకుని, మోచేతులు ఆనించి, లేని రొయ్యల్ని వెతుకుతూ పాకారు. పిల్లలు విరగబడి నవ్వారు. కుక్కలు మొరిగాయి. పడవలో పోతున్న రఘునాథ్ మనుషులు "ఏం దొరికింది అక్కా, ఉల్లిగడ్డలా?" అని కేకేశారు. తిట్టడానికి నోరు ఖాళీ లేదు.

ఇసకలో ఒక సంగతి బయటపడింది. ఈతదిబ్బ వాళ్ళు ఎడమ చెయ్యి ముందు జరుపుతారు, ఉప్పుదిబ్బ వాళ్ళు కుడి చెయ్యి. ఎవరి ఊరి వరసలో వాళ్ళున్నంత కాలం అది ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు కలిసి నిలబడితే మణికట్లు కొట్టుకుంటున్నాయి. ఎవరు మార్చుకోవాలి? మళ్ళీ గొంతులు లేవబోయాయి.

"మేమే మార్సుకుంటాం," అంది గంగులమ్మ.

"పుట్టినకాడి నుంచి ఉండే అలవాటుమే!" అంది ఆమె పక్కింటావిడ.

"పుట్టినకాడి నుంచి మనం సేసినవన్నీ బాగుండాయా?"

పక్కింటావిడ మళ్ళీ ఇసకలో గొంతుక్కూర్చుంది. కృపామణి గంగులమ్మను ఒకసారి చూసి, తాడు నోట్లో పెట్టుకుంది. ఎండ దిగేదాకా ఈతదిబ్బ వాళ్ళు చంటిపిల్లల్లా కుడి చెయ్యి ముందు పెట్టడం నేర్చుకున్నారు.

మర్నాడు మునిరామయ్య పడవ మీద కూర్చుని కాలువ వైపు నుంచి చూస్తున్నాడు. పక్కనే రఘునాథ్. నీళ్ళు చల్లగా ఉన్నాయి, గాలి ఎదురుగా ఉంది. వరస ఈతదిబ్బ దగ్గర దిగింది. గంగులమ్మ ఎడమ పక్కన కృపామణి, కుడి పక్కన కృపామణి చెల్లెలు. మొదట్లో ఈతదిబ్బ వాళ్ళ ఎడమ చేతులు పాత అలవాటుకు ముందు కదిలాయి. పక్కన మోచెయ్యి నెట్టగానే సర్దుకున్నాయి.

ఖాళీ గుంజల దగ్గరికి వచ్చేసరికి గంగులమ్మకు ఎడమ పక్క తాకిడి ఆగింది. ఆమె ఆగింది. ఆమెను తాకి ఉన్న చెయ్యి ఆగింది, ఆ పక్కదీ ఆగింది. ఎవరూ ఏమీ చెప్పకుండా ఒడ్డు నుంచి కాలువ దాకా వరసంతా నిలిచిపోయింది. కృపామణి కాలు నీళ్ళలోంచి పైకెత్తింది. ఆల్చిప్ప మడమను కోసింది. రక్తం కారుతోంది. రఘునాథ్ పడవలో లేచి నిలబడ్డాడు. గంగులమ్మ కళ్ళతోనే అడిగింది, పోదామా, లేద్దామా అని. కృపామణి కాలు నీళ్ళలో పెట్టి, గట్టిగా తన మోచెయ్యి గంగులమ్మ మోచేతికి ఆనించింది. ఆనించి, బరువు కొంత అటు వేసింది. వరస మళ్ళీ కదిలింది, ఇప్పుడు కుంటికాలి వేగంతో.

వెనక కొంగలు కాసేపు వేచి చూశాయి. ఏమీ చిక్కక గుంజల మీదికెగిరి కూర్చున్నాయి.

ఉప్పుదిబ్బ దగ్గర బుట్టలన్నీ ఒకే కుప్పగా పోశారు. రొయ్యలు ఇసక మీద ఎగిరిపడుతుంటే పిల్లలు ఏరి మళ్ళీ కుప్పలో వేస్తున్నారు. మునిరామయ్య పడవ దిగి వచ్చాడు.

"తెగలేదు," అన్నాడు. "రఘునాథా, గుంజలు పీకెయ్యప్పా."

"పీకుతా మామా. ఈ నెల పోనీ. మనుషులు ఖాళీ లేరు," అన్నాడు రఘునాథ్ తల గోక్కుంటూ.

ఈ నెల అంటే ఏమిటో గంగులమ్మకు తెలుసు. ఈ నెల పోతుంది, మరో నెల వస్తుంది, గుంజలు మాత్రం ఉంటాయి.

"మనుషులు లేకుంటే మేముండాం," అంది. "రాండేమే."

తడి చీరలతోనే ఆడవాళ్ళంతా మళ్ళీ నీళ్ళలోకి నడిచారు. కృపామణి మడమకు గుడ్డ కట్టుకుని వెనకే వచ్చింది. మొదటి గుంజ లోతుగా దిగబడి ఉంది. గంగులమ్మ ఒక పక్క, కృపామణి ఒక పక్క పట్టుకుని ఊపారు.

"నీ పక్కకి లాగుమే."

"లాగతానే ఉండా, నువ్వు నిలబడుకోని సూస్తాండావు!"

"నోట్లో బుట్ట పెట్టుకోమే, అప్పుడు పని జరగతాది."

గుంజ ఒక్కసారిగా ఊడి వచ్చింది. ఇద్దరూ వెల్లకిలా నీళ్ళలో పడ్డారు. లేచి, ముఖాలు తుడుచుకుని, ఆ గుంజను రఘునాథ్ పడవలోకి విసిరి, పక్క గుంజ దగ్గరికి నడిచారు.