పక్కపక్క సీట్ల విమానం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను బెంగళూరులో మా మామ ఇంట్లో ఉండి బి.ఎస్సీ. చదివేదాన్ని. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయన ప్రోత్సాహంతోనే ఆదివారాలు అక్కడి ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. జమ్మలమడుగు హైస్కూల్లో తెలుగు పంతులుగా ఉన్న మా నాయన ఒప్పుకునే ముందు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"నేర్పించే ఆయప్ప యాడ కూర్చుంటాడు?"

"ముందర సీట్లో నాయనా. నేను ఎనక."

"సరే అయితే."

ఆ విమానానికి రెండు వరసల రెక్కలుండేవి, పైకప్పు ఉండేది కాదు. శిక్షకుడి మాట ఒక గొట్టం గుండా నా చెవికి వచ్చేది. ఆయన ముఖం కనిపించేది కాదు, టోపీ పెట్టుకున్న తల వెనక భాగమే కనిపించేది. విమానం ఏ పక్కకు జారితే ఆ చెంపకు గాలి కొట్టేది. ఆ గాలిని బట్టే సరిచేసుకునేదాన్ని. నాలుగైదు నెలలకు ఒంటరిగా కూడా ఎగిరి దిగాను.

తర్వాత ఆ విమానం పెద్ద మరమ్మతుకు పోయింది. మమ్మల్నందరినీ కొత్తదానికి మార్చారు. అది చిన్న గదిలా మూసి ఉండేది. రెక్క పైన ఒక్కటే, సీట్లు పక్కపక్కన రెండు. పాతదాంట్లో కుడిచేత్తో విమానాన్ని తిప్పే కర్ర, ఎడమచేత్తో ఇంజను జోరు మార్చే పిడి పట్టుకునేదాన్ని. ఇందులో చేతులు మారాయి. గాలి చెంపకు తగలదు. ఎడమ సీట్లోంచి చూస్తే విమానం ముక్కు ఎప్పుడూ ఒక పక్కకు తిరిగినట్టు కనిపించేది. నేల ఇంకా దూరం ఉండగానే దగ్గరకొచ్చేసిందనుకుని ముక్కు పైకెత్తేసేదాన్ని. విమానం దభీమని పడి, వంకరగా పరుగెత్తేది. నెరసిన జుట్టున్న మా శిక్షకుడు, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, కోప్పడేవాడు కాదు. "మళ్లీ" అనేవాడు. మూడు వారాలు గడిచాక శనివారం సాయంత్రమే, రేపు వాన పడితే బాగుండునని ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టాను.

ఎండాకాలం సెలవులకు జమ్మలమడుగు వచ్చాను. పులివెందుల నుంచి అవ్వ కూడా వచ్చి ఉంది. అన్నాల దగ్గర కొత్త విమానం గురించి చెబుతూ సీట్ల సంగతి కూడా చెప్పేశాను. అమ్మ వడ్డించడం ఆపింది.

"పక్కపక్కనేనా?"

"అవునమ్మా. అదట్లే ఉంటాది."

"తలుపులు మూస్తారా?" అని అడిగింది అవ్వ.

"మూయకుంటే కింద పడతాం కదవ్వా."

నాయన చెయ్యి కడుక్కుని వచ్చి, "ఇంగ చాలు పాపా. నేర్చుకున్న కాడికి నేర్చుకుంటివి," అన్నాడు. అమ్మ నేను బాధపడుతున్నాననుకుని ఆ సాయంత్రం నాకిష్టమైన ఓళిగలు చేసింది. నాకు మాత్రం గుండె మీది బరువు దిగినట్టయింది. ఇంక ఆ ఆదివారాలు ఉండవు. ఎవరైనా అడిగితే మా నాయన వద్దన్నాడని చెప్పుకోవచ్చు.

వారం తర్వాత కళ్లద్దాలు చేయించుకోవడానికి ప్రొద్దుటూరు పోతూ నాయన నన్ను తోడు తీసుకుపోయాడు. తిరుగు బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆయనే ఎత్తుకున్నాడు.

"నా మీద కోపంగా ఉండావా?"

"లేదు నాయనా."

"కోపం వచ్చిండాల. అంత ఆశపడితివి."

ఆయన గొంతులోని జాలి నేను భరించలేకపోయాను. చెప్పేశాను. "కొత్తది నాకు రాలేదు నాయనా. దించేటప్పుడల్లా తప్పు చేస్తాండా. నువ్వు వద్దంటే నాకు హాయిగా ఉండింది."

ఆయన నా వైపు తిరిగాడు.

"అట్లయితే నన్నెందుకు అడ్డం పెట్టుకుంటాండావు? రాలేదని చెప్పి ఇడిసిపెట్టు, నేనేమనను. పంతులు ఇడిపించినాడని ఊరు అనుకోవాల్నా?" బస్సు రావడం చూసి లేస్తూ, "సెలవులైనాక నేనూ వస్తా. ఆ సీట్లేందో చూస్తా," అన్నాడు.

అన్నట్టుగానే ముద్దనూరులో రైలెక్కి నాతో బెంగళూరు వచ్చి, ఆదివారం విమానాల మైదానానికి కూడా వచ్చాడు. శిక్షకుడికి తెలుగు రాదు. నాయన తనకొచ్చిన కొద్దిపాటి కన్నడంలో మా పాపకెందుకు రావడం లేదని అడిగాడు. ఆయన నవ్వి, తలుపు తీసి, నాయనను నా సీట్లోనే కూర్చోబెట్టాడు. నన్ను పక్క సీట్లోకి ఎక్కమన్నాడు. నాయన పంచె సర్దుకుని, కొత్త కళ్లద్దాల్లోంచి ముందుకు చూశాడు.

"ఇదేంది పాపా, ముక్కు వంకరగా ఉంది?"

"వంకర కాదు నాయనా. మనం నడిమధ్యలో కూర్చోలేదు కదా, అందుకు అట్ల కనిపిస్తాది."

వంకరగా కనిపించిన ముక్కును తిన్నగా చేయబోయి నేనే ప్రతిసారీ విమానాన్ని పక్కకు తిప్పుతున్నానని అప్పుడు తట్టింది. శిక్షకుడికి మా మాటలు అర్థం కాకపోయినా నా ముఖం చూసి తలాడించాడు.

బస్సు దాకా నడుస్తూ నాయన, "ఆయప్ప పెద్దమనిషి మాదిరుండాడు. మీ అమ్మకు నేను చెప్పుకుంటాలే," అన్నాడు. ఆయన ఇంట్లో ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు. అమ్మ నాకు రాసిన ఉత్తరాల్లో ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు.

అంతటితో అన్నీ కుదురుకోలేదు. చేతులు అప్పుడప్పుడూ పాత అలవాటుకు పోయేవి. నేలకు ఎంత ఎత్తులో ఉన్నానో కంటికి అందడానికి శిక్షకుడు నిలబెట్టి ఉన్న విమానంలో నన్ను అరగంటసేపు ఊరికే కూర్చోబెట్టి, మైదానం చివర చూస్తూ ఉండమనేవాడు. వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఆయన దిగిపోయి, తన సీటు బెల్టును ఖాళీ సీటుకు బిగించి, తలుపు వేశాడు. పాతదాంట్లో ఒంటరిగా ఎగిరినప్పుడు ఎదుటి సీటు వైపు నేను పెద్దగా చూడలేదు. ఇక్కడ ఖాళీ సీటు నా మోచేతి పక్కనే ఉంది. దిగేటప్పుడు విమానం ఒకసారి ఎగిరి పడింది, చిన్నగానే. రెండోసారి బాగా వచ్చింది.

మరుసటి ఏడు లైసెన్సు వచ్చింది. ఆ తర్వాత నేను ఎక్కువ ఎగరలేదు. ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే ఉద్యోగం దొరికింది, అందులోనే స్థిరపడ్డాను. లైసెన్సు పుస్తకం చూపించడానికి పులివెందుల పోయినప్పుడు అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పైనుంచి మన పులివెందుల కనిపించిందా?"

"ఈ పక్కకు ఎప్పుడూ రాలేదవ్వా. బెంగళూరు చుట్టుపక్కలే."

"ఈడికి రాకుంటే ఇంగెందుకు నేర్చుకుంటివి?" అని పుస్తకం నా చేతికిచ్చి, తినడానికేమైనా పెట్టాలని లోపలికి పోయింది.