పూడిన మాడు

పిల్లల కోసం సగంలో ఆపేసిన నర్సింగ్ కోర్సులో మళ్లీ చేరిన ఆమెను క్లాసంతా పిన్నీ అనే పిలుస్తుంది. ఆ రోజు టీచర్ పసిబిడ్డ పుర్రె నమూనాను ఆమె చేతికిచ్చింది. నడినెత్తిన ఎముకలు కలవని చోటు వేలికి తగిలింది.

"ఆ సందు ఉండబట్టే కాన్పులో తల ఇమిడి బయటికొస్తుంది, తర్వాత మెదడు పెరుగుతుంది. మెల్లగా అదే పూడిపోతుంది," అంది టీచర్.

క్షణం ఊరుకోని పిన్ని ఆ సందు మీంచి వేలు తీయలేదు. పసితనంలో కొడుకు మాడు కొట్టుకుంటుంటే భయపడి టోపీ కప్పేసేది తను.

ఇంటికెళ్లగానే, లెక్కలు చేసుకుంటున్న కొడుకు నడినెత్తి తడిమింది.

"జ్వరమేం లేదమ్మా, వదులు," అన్నాడు వాడు.

ఆమె వదల్లేదు. రోజూ ఆ తల తుడిచిన చేతులకు కూడా తెలియకుండా, ఎంత నేర్పుగా పూడిపోయిందో.