గ్రేవీకి కుడిపక్క

నోలీన్ పాస్కో గొంతు తెలియనివాళ్లు బాలరాట్ ఊరి చుట్టుపక్కల లేరు. సగం జీవితం గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లకు వండిపెట్టిన మనిషి. షెడ్డు చివర నుంచి "టీ!" అని కేకేస్తే గొర్రెలు కూడా తలెత్తేవట. ఇప్పుడా గొంతు, కాలూ చెయ్యీ స్వాధీనంలో లేనివాళ్లను గుర్రమెక్కించి నడిపించే కేంద్రానికి దక్కింది. "ఎడమవైపు నుంచి! ఎప్పుడూ ఎడమవైపు నుంచే!" అన్న కేక అక్కడ రోజూ మోగాల్సిందే. గుర్రమెక్కాల్సింది ఎడమవైపు నుంచేనని ఆవిడకు వాళ్ల తాత నేర్పాడు, ఇక దానికి తిరుగులేదు.

కేంద్రానికి ప్రాణం గ్రేవీ. ముసలి గోధుమరంగు గుర్రం. పైనున్న పిల్ల ఒక పక్కకు ఒరిగితే తనే అటు అడుగేసి నిలబెట్టేది. అలాంటి గ్రేవీకి చలికాలం నుంచి ఏదో అయింది. దాదాపు ఎవరు ఎక్కబోయినా చెవులు వెనక్కి వాల్చి పక్కకు తప్పుకుంటోంది. పశువుల డాక్టరు ఇమోజెన్ రక్తం తీసింది, పళ్లు చూసింది, నాలుగు కాళ్లూ తడిమింది. అన్నీ బాగానే ఉన్నాయి, గుర్రమే బాగాలేదు. ఈ శనివారం కూడా ఇలాగే చేస్తే పంపించేద్దామని కమిటీ తేల్చేసింది. రోగమేమిటో తెలియని ముసలి గుర్రాన్ని కబేళా వాడు తప్ప ఎవరు తీసుకుంటారు? నోలీన్‌కు రెండు రోజులుగా ముద్ద దిగలేదు.

శనివారం రానే వచ్చింది. కమిటీవాళ్లు, వాళ్ల పక్కన ఇమోజెన్, కంచె పట్టుకుని చూస్తున్నారు. టాన్సీ అనే చిన్నపిల్ల గుర్రమెక్కే దిమ్మ మీద నుంచి, జీనుకు ఎడమపక్క వేలాడే రికాబులో కాలు పెట్టిందో లేదో, గ్రేవీ ఎగిరి పక్కకు జరిగింది. నోలీన్ పట్టుకోకపోతే పిల్ల కింద పడేదే.

"అయిపోయింది" అన్నాడు కంచె దగ్గర ఎవరో.

"ఆగండి, నా వంతు రానివ్వండి!" అంటూ కర్ర టకటకలాడిస్తూ వచ్చాడు క్లారీ. పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయిన రైతు. ఆ కాలు రికాబులో నిలవదు కాబట్టి అతణ్ణొక్కణ్ణే కుడివైపు నుంచి ఎక్కించేవారు. అతను ఎక్కాడు. గ్రేవీ చెవి కూడా కదపలేదు.

"చూశావా నోలీన్! నేనంటే వీడికి ఎంత ప్రేమో!"

"నోర్ముయ్, ముసలి మేకా" అంటూనే నోలీన్ ఠక్కున ఆగిపోయింది. వారం వారం ఇదే మాట విని నవ్వి ఊరుకుంది. ఒక్కసారైనా ఆలోచించిందా?

"క్లారీ, దిగు! టాన్సీని తీసుకురండి! దిమ్మ ఇటు లాగండి, ఇటు, కుడిపక్కకి!"

"కుడిపక్కకా? నువ్వేనా ఈ మాట అనేది?" అని ఇమోజెన్ నోరు తెరిచింది.

"నేనే! లాగండి ముందు!"

టాన్సీ కుడికాలు రికాబులో పెట్టింది. గ్రేవీ నిలబడింది. బండరాయిలా నిలబడి, మెల్లగా చెవులు ముందుకు తెచ్చింది. పిల్లను దించీ దించకముందే ఇమోజెన్ జీను తీసేసి, దాని ముందంచు ఆనేచోట, గుర్రం వీపుకు కుడివైపున, బొటనవేలితో గట్టిగా నొక్కింది. గ్రేవీ విలవిల్లాడింది.

"ఇక్కడ! ఎడమ రికాబుకి వేలాడితే జీను మెలిపడి ఇటు గుచ్చుతుంది. ఇన్నేళ్లు, ఇంతమంది! నేనేమో తేలిగ్గా తడిమి వదిలేశాను. కొన్నాళ్లు విశ్రాంతి, ఆ తర్వాత రెండు పక్కల నుంచీ ఎక్కించండి. నయమైపోతుంది."

కంచె దగ్గర చప్పట్లు మారుమోగాయి. క్లారీ మొహం మాత్రం వేలాడిపోయింది. "అయితే నా మీద ప్రేమ కాదా?"

"నీ మీద కాదయ్యా, నీ చచ్చుకాలి మీద!" అంది నోలీన్. అందరికంటే గట్టిగా నవ్వింది క్లారీయే.

వసంతంలో గ్రేవీ మళ్లీ పనిలోకి వచ్చింది. మొదటి సవారీ టాన్సీదే. నోలీన్ అలవాటు కొద్దీ "ఎడమ..." అనబోయి ఆపేసింది. గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. "చెబుతూనే ఉన్నావు కదరా నాన్నా, నా అరుపులో నాకు నీ మాట వినబడలేదు" అంది. కళ్లు తుడుచుకుని గొంతు సవరించుకుంది.

"కుడివైపు నుంచి!"

పక్క పొలంలో గొర్రెలన్నీ తలెత్తి చూశాయి.