జిన్ను మిల్లులో పిల్లల గది

మొన్న మధ్యాహ్నం ఇద్దరు కాలేజీ అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. రాయచూరు మిల్లుల్లో పనిచేసినవాళ్ల సంగతులు పోగుచేసి ప్రదర్శన పెడతారట. "మీ ఇంట్ల జిన్ను మిల్లుల పనిచేసినోళ్ల ఫొటో ఏమన్న ఉన్నదా ఆంటీ?" అని అడిగారు. ఫొటో లేదు. మా మేనత్త జన్మలో ఒక్కసారే స్టూడియోకి వెళ్లింది. ఫొటో తీసేవాడు నవ్వమన్నాడని కోపం వచ్చి లేచి వచ్చేసింది. ఫొటో లేకపోయినా చెప్పడానికి చాలా ఉందన్నాను. వాళ్లకు హడావిడిగా చెప్పింది ఇక్కడ నింపాదిగా రాస్తున్నాను.

మేనత్త అంటే మా నాన్న చెల్లెలు. మా సొంతూరు మట్మారి. వానలు పడని ఒక ఏడు అమ్మా నాన్నా ఆమే రాయచూరు వచ్చేశారు. నాన్న స్టేషను దగ్గర హమాలీగా చేరితే, ఆడవాళ్లిద్దరూ పత్తి గింజ తీసే జిన్ను మిల్లులో కుదిరారు. రైతులు బండ్లమీద తెచ్చిన పత్తిని యంత్రం నోటికి అందిస్తే గింజ ఒకవైపు, దూది ఒకవైపు పడేది. యంత్రానికో ఆడమనిషి. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఇద్దరి కనుబొమలూ పత్తి నూగు పట్టి తెల్లబడేవి. "ముసల్దాన్నైపోయిన వదినా, ఇగ నన్ను కూర్సోబెట్టి తిండి పెట్టు" అనేది అత్త. అప్పటికామెకు పాతికేళ్లు లేవు. పెళ్లైన రెండేళ్లకే భర్త పోయాడు, పిల్లలు లేరు. మేస్త్రీతో ఉర్దూ, పక్క యంత్రం ఆమెతో కన్నడ, మా అమ్మతో తెలుగు మాట్లాడేది. కోపమొస్తే మూడూ కలిసి వచ్చేవి.

చంటిపిల్లల తల్లులు పిల్లల్ని మిల్లుకే తెచ్చుకునేవారు. వేరే చోటు లేక గోదాములో పత్తి కుప్పమీద పడుకోబెట్టేవారు. అంత మెత్తటి పరుపు ఏ సేటు ఇంట్లోనూ ఉండి ఉండదు. ఏడాది నిండని నేనూ ఆ పరుపుమీద పడుకున్నదాన్నే. అందుకే ఇక ముందు చెప్పేది చాలావరకు అమ్మ నోట విన్నది. ఒక మధ్యాహ్నం పత్తిలో కలిసి వచ్చిన రాయి యంత్రంలో పడి నిప్పురవ్వ లేచింది. గాలిలో ఉన్న నూగు అంటుకుని, మంట చూస్తుండగానే గోదాము గుమ్మం దాకా పాకింది. అత్త తడి గోనె కప్పుకుని లోపలికి ఉరికింది. లోపల మేం ఐదుగురు పిల్లలం. ఒక్కొక్కరినీ ఎత్తి బయట తల్లుల చేతికి అందించింది. పిల్లలెవరికీ ఏమీ కాలేదు, ఆమె కుడి ముంజేయి మాత్రం కాలింది. నీళ్లు కొట్టి మంట ఆర్పారు. సాయంత్రానికల్లా మిల్లు మళ్లీ నడిచింది.

మర్నాడు పొద్దున అత్త చేతికి కట్టుతో గేటు బయటే కూర్చుంది. పిల్లలకో గది ఇచ్చేదాకా లోపలికి రానంది. నన్ను ఒళ్లో పెట్టుకుని అమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత మిగతావాళ్లూ వచ్చి చేరారు. మేస్త్రీ వచ్చి, "నీకు పిల్లలా జెల్లలా, నీకెందుకే ఈ లొల్లి?" అన్నాడు. ఆ మాటకు అమ్మ తల వంచుకుందట. అత్త మాత్రం నెమ్మదిగా, "అందుకే నేను ముందల కూర్సున్న. వీళ్ల పని పోతే పిల్లలు ఉపాసముంటరు. నేను ఒక్కదాన్ని, నాకేమైతది?" అంది.

మూడు రోజులు కూర్చున్నారు. పత్తి బండ్లు రోడ్డు పొడుగునా నిలిచిపోయాయి. రైతులు విసుక్కున్నారు. రెండో రోజు ఒక ముసలి రైతు బండి దిగి, తన జొన్నరొట్టెల మూట తెచ్చి తల్లుల మధ్య విప్పాడు. ఆ తర్వాత విసుక్కున్నవాళ్లు లేరు. మూడో రోజు మిల్లు యజమాని సేటు వచ్చాడు. కూలి పెంచమంటారని అనుకుంటూ వచ్చినవాడు, "ఏం కావాలె మీకు?" అని అడిగాడు.

"ఒక అర్ర. దానికి తలుపు. పిల్లలను చూసుకోను ఒక ముసలామె."

"అంతేనా?"

"ఇయ్యాలటికైతే అంతే" అంది అత్త.

పత్తి తూచే పాత కాటా గది ఖాళీ చేయించి ఇచ్చారు. మూడేళ్లొచ్చేదాకా నేను అక్కడే పెరిగాను. సున్నం వాసన, చీరలతో కట్టిన ఉయ్యాలలు లీలగా గుర్తున్నాయి. యంత్రాల హోరుకు హాయిగా నిద్రపోయి, అది ఆగితే ఉలిక్కిపడి ఏడ్చేవాళ్లమట. ఆయా పని అత్తనే చెయ్యమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. దగ్గుతో యంత్రం దగ్గర నిలబడలేకపోతున్న ఒక పెద్దామెకు ఇప్పించింది. మేస్త్రీ కక్షకొద్దీ ఆ సీజనంతా అత్తను దుమ్ము ఎక్కువుండే మూల యంత్రానికి వేశాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని అక్కడే చేసింది. మరుసటేడు పక్క మిల్లు ఆడవాళ్లూ ఇలాగే అడిగి గది సాధించుకున్నారు.

పెద్దయ్యాక ఒకసారి, భయం వెయ్యలేదా అత్తా అని అడిగాను. "మంటల్లకు ఉరికినప్పుడు భయం కాలేదు బిడ్డా. గేటు కాడ కూర్సున్న మూడొద్దులు శాన భయమైంది" అంది.

నాకు రాయచూరు దగ్గరి చిక్కసూగూరులో అంగన్‌వాడీ టీచరు పని దొరికిన కొత్తలో, చూసిపోతానని అత్త బస్సెక్కి వచ్చింది. పిల్లల మధ్య నేలమీద కూర్చుంది. ఎవరి పిల్లో ఏమో, ఒకతి పాకుతూ వచ్చి ఆమె ఒళ్లో నిద్రపోయింది. బస్సు వేళయిందని గుర్తుచేస్తే చేత్తోనే వారించింది. ఆ బస్సు పోయింది, తర్వాతదీ పోయింది. కాలం ఇట్టే గడిచిపోతుందని అందరూ అంటారు గానీ, ఆ సాయంత్రం మాత్రం దానికి ఎక్కడికీ తొందర లేదు.