నాన్న సైకిలు వెనక మూట

నా చిన్నప్పుడు మా తోటలో ఒకరు నవ్వితే, ఎందుకు నవ్వారా అని ఇంకొకరు తిరిగి చూసేవారు. మలయాలో ఇంగ్లీషువాళ్ళు అడవిలోని కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. మాది బాగన్ దాతుక్ వైపు కొబ్బరితోట. లైన్లని పిలిచే కూలీల ఇళ్ళ వరసల చుట్టూ ముళ్ళకంచె, ఒకటే గేటు, గేటు దగ్గర పోలీసులు. అడవిలో దాక్కున్నవాళ్ళకి తిండి అందకూడదని బయటికి వెళ్ళే ప్రతి సంచీ విప్పించేవారు. పిడికెడు బియ్యం దొరికినా జైలే. ఎవరి గురించి ఎవరు చెబుతున్నారో తెలియక, పెద్దవాళ్ళు చుట్టూ చూసుకుని గానీ నోరు విప్పేవారు కాదు.

మా నాన్న తోట ఆఫీసులో పెద్ద కెరాణి, అంటే పెద్ద గుమాస్తా. జీతాల పట్టీలూ, తోట నడిపే తెల్లదొరకి వెళ్ళే పద్దులూ అన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. శ్రీకాకుళం వైపు నుంచి కూలీగా వచ్చిన మనిషి కొడుకు ఆ కుర్చీలో కూర్చున్నాడని లైన్లలో ఆయనంటే గౌరవం ఉండేది. దొర మనిషేమోనన్న జంకూ ఉండేది. తెలుగు సంఘానికి ఆయనే పెద్ద. ఆదివారాలు పిల్లలకి అక్షరాలు దిద్దించేవాడు. ఆ ఏడు మెర్డెకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, రాబోతోందని జెండా ఎగరేసే ఏర్పాట్లూ ఆయన నెత్తినే పడ్డాయి. మాకు మిగిలేది ఒక్క శనివారం మధ్యాహ్నం. ఉన్నట్టుండి ఆ శనివారాలు కూడా పోయాయి.

అన్నం తినగానే సైకిలు వెనక గుడ్డమూట కట్టుకుని గేటు దాటి వెళ్ళేవాడు. కర్ఫ్యూ పెట్టేలోపు తిరిగొచ్చేవాడు. పెద్ద కెరాణి కనుక ఆయన మూట ఎవరూ విప్పించేవారు కాదు. పట్నంలో సంఘం మీటింగని అమ్మతో చెప్పేవాడు. అమ్మ తలూపేది గానీ, ఆయన వెళ్ళాక గుమ్మంలో చాలాసేపు నిలబడేది.

ఒకరోజు గుడి పూజారి తాత నన్ను ఆపి, "ఏటమ్మా, మీ నాన మూడు మీటింగులకి రానేదు, ఒంట్లో బాగానేదా?" అని అడిగాడు. మరి శనివారాలు ఆయన ఎక్కడికి వెళ్తున్నట్టు? అప్పటికి నాకు పదేళ్ళు. ఆ రోజునుంచి నాన్నని గమనించడం మొదలుపెట్టాను. సైకిలు చక్రాలకి అంటుకునేది పట్నం రోడ్డు దుమ్ము కాదు, నది ఒడ్డు నల్ల బురద. బియ్యం డబ్బా మూత తీసి, బియ్యం ఎంత తగ్గిందో వేళ్ళతో కొలిచేదాన్ని. రోజూ తినే ఇంట్లో బియ్యం తగ్గకుండా ఉంటుందా? నాకు మాత్రం అదే సాక్ష్యమైంది. మా నాన్న అడవివాళ్ళకి అన్నం మోస్తున్నాడని నాలో నేనే తేల్చేసుకున్నాను.

ఆ భయం మోయలేక పక్కింటి అక్కతో చెప్పాను. నాకు జడ వేస్తూ, "ఎవులికీ సెప్పన్లే, నువ్వు ఏడవకు లా" అంది అక్క, మలయ్ వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి. ఆమె భర్త గేటు కాపలాలో పని చేస్తున్నాడన్న సంగతి ఆ క్షణంలో నాకు తోచనేలేదు.

తర్వాతి శనివారం గేటు దగ్గర నాన్నని ఆపారు. లైన్లన్నీ పోగయ్యాయి. అందరి ముందూ ఆయన జేబులు తిరగేయించి, మూట బల్ల మీద విప్పారు. బియ్యం లేదు. నేను వాడి వదిలేసిన లెక్కల పుస్తకం, రెండు పెన్సిళ్ళు, నాన్న చేత్తో గీతలు గీసిన కాగితాల దొంతర ఉన్నాయి. కాగితాల నిండా అంకెలు. ఇది రహస్య భాషేమోనని పోలీసు అధికారి మలయ్‌లో అరిచాడు. దొర వచ్చాడు. నిజం చెప్పక తప్పలేదు నాన్నకి.

మా తోటలో కాయలు ఒలిచే ఒకతని తమ్ముడు అడవిలోకి వెళ్ళిపోయాడు. ఆ నేరానికి దొర ఇతన్నీ, భార్యనీ, కూతుర్నీ తోటలోంచి వెళ్ళగొట్టాడు. వెళ్ళగొట్టే ఆ ఉత్తర్వు టైపు చేసింది మా నాన్నే. వాళ్ళు నది ఒడ్డున గుడిసె వేసుకున్నారు. పదహారేళ్ళ ఆ కూతురికి పద్దులు రాయడం నేర్పిస్తే పనిస్తానని పట్నంలో ఒక చీనా కొట్టు యజమాని నాన్నకి మాటిచ్చాడు. నాన్న శనివారాలు ఆ గుడిసెలో పాఠాలకే పోయాయి.

పోలీసు అధికారి గుడిసె దాకా వెళ్ళి చూసొచ్చి వదిలేశాడు. దొర వదల్లేదు. నాన్నని ఆ కుర్చీలోంచి దించి కొబ్బరి గోదాముకి పంపాడు.

ఆ సాయంత్రం అమ్మ ఏడవలేదు. "లోకమంతటికీ మీరు కావాల. మీ గురించి మాకు మాత్రం ఊరోళ్ళు సెప్పాలేటి?" అంది.

"మీకు తెలిస్తే రేపు పోలీసులు మిమ్మల్నీ కూకోబెట్టి అడుగుతారని సెప్పనేదు" అన్నాడు నాన్న. అమ్మ పక్కన కూర్చుని, "తప్పు నాదే" అన్నాడు.

నేను తట్టుకోలేక, అక్కతో చెప్పింది నేనేనని బయటపెట్టేశాను. దెబ్బ పడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. ఆయన నన్ను దగ్గరికి లాక్కుని, "నన్నే అడగాల్సింది, తల్లీ. అడిగితే నాను అబద్ధం సెప్పీవోణ్ణేమో. అయినా నన్నే అడగాల్సింది" అన్నాడు.

తర్వాతి శనివారం పోలీసుల దగ్గర అనుమతి కాగితం రాయించుకుని, నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నది ఒడ్డుకి తీసుకెళ్ళాడు. లైన్లలో జనం చూస్తూనే ఉన్నారు. కొందరు తల దించుకున్నారు, కొందరి కళ్ళలో ఇంకా నమ్మకం లేదు. గుడిసెలో ఆ అమ్మాయి నాకు చాప పరిచింది. తాను గీసిన పద్దు చూపించి, "మీ నాన వల్లే ఇది" అంది. నేనేం చేశానో ఆమెకి తెలియదు. నేను చెప్పాను. ఆమె ముఖం ఒక్కసారి వాడిపోయింది. తర్వాత తన పెన్సిల్ నా చేతిలో పెట్టి, ఒక కూడిక సరిచూడమంది. మెర్డెకా నాటికి ఆమె ఆ కొట్టులో చేరింది. నాన్న మాత్రం చివరిదాకా గోదాములోనే ఉండిపోయాడు.

తర్వాత నేను కౌలాలంపూర్ వచ్చి, బ్యాంకులో పెద్ద బాధ్యతల దాకా ఎదిగాను. సంఘం పనులు చూశాను, ముగ్గురు పిల్లల్ని పెంచాను. ఎక్కడికి వెళ్తున్నానో ఇంట్లో చెప్పకుండా ఏనాడూ గడప దాటలేదు. బ్యాంకులోనైనా సంఘంలోనైనా, ఫలానా మనిషి మీద అనుమానంగా ఉందని ఎవరో వచ్చి చెవిలో చెబుతూనే ఉంటారు. నాకూ అనుమానం వస్తుంది. ఆ గుణం నాలోంచి పోలేదు. అలా అనిపించిన రోజున ఇంకెవరికీ చెప్పకుండా, తిన్నగా ఆ మనిషి ఎదుటికే వెళ్ళి కూర్చుని అడుగుతాను. ఒక్కోసారి అబద్ధమే చెబుతారు. అయినా వాళ్ళనే అడుగుతాను.