పద్మం ఉన్న బట్టల బండ

పొద్దున్నే మన టెన్త్ బ్యాచ్ గ్రూపులో శీనుగాడి ఫార్వర్డు చూశారుగా? "మన జగ్గయ్యపేటలో రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపం ఉందని మీకు తెలుసా? చరిత్రను కాపాడుకుందాం!" కింద మీ అందరి దణ్ణాలు.

మా పెరట్లో బట్టలుతికే బండ గుర్తుందా? సబ్బు వాసన, అంచున నాచు, మధ్యలో సగం అరిగిన పద్మం. అది మన ఊరి ధనబోడు దిబ్బ మీది ఆ స్తూపం రాయేనని, ఎవరో పాతకాలంలో బండి మీద తోలుకొచ్చారని తాతయ్య చెప్తే, బడి వదలగానే మిమ్మల్నందరినీ లాక్కొచ్చి చూపించాను. శీనుగాడు పద్మం మీద కాలు పెట్టి, "చెప్పొచ్చావులేరా! రెండు వేల ఏళ్ళ రాయి మీద మీ అమ్మమ్మ దుప్పట్లు ఉతుకుద్దా?" అన్నాడు. మీరంతా పడీపడీ నవ్వారు.

తర్వాత మా ఇల్లు కొన్నవాళ్ళు దాన్ని పడగొడుతుంటే, ఆ బండని శీనుగాడే ట్రాక్టర్లో వేయించుకుపోయాడు. పోయిన నెల నందిగామలో వాడి గృహప్రవేశానికి వెళ్తే, గుమ్మం ముందు మెట్టై కనిపించింది.

"పద్మం ఏదిరా?" అన్నాను.

"ఎగుడుదిగుడుగా ఉందని బోర్లా వేయించా. సిమెంటు బాగా పట్టింది."

పక్కనే కొత్తగా కొన్న ప్లాస్టిక్ బుద్ధుడు, చుట్టూ రంగుల లైట్లు.

దణ్ణాలు పెట్టిన మహానుభావులారా, ఆ రోజు భోజనాలకి వెళ్తూ మీరంతా చెప్పులు విడిచింది ఆ మెట్టు మీదే.