ముక్కక్కకు వచ్చిన పూలవాసన

ఆ లాండ్రీలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ముక్కక్కే. ఇస్త్రీ బల్ల దగ్గరి అక్కాచెల్లెళ్ళకు ముక్కక్క, డ్రమ్ము తిప్పే ఆయనకు ముక్కక్క, చివరికి గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఓనరమ్మకు కూడా ముక్కక్కే. అలాగని ముక్కేమీ కొండంత లేదు. మామూలు ముక్కు. కాకపోతే దానికున్న పనితనం అలాంటిది.

మూట విప్పుతుంది, ఒక్కో గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, విసిరేస్తుంది. ఇది చెమట, అటు. ఇది బూజు, ఇటు. ఇది వంటనూనె, ముందు నానబెట్టండి. "ఈ చొక్కా ఆయన సిగరెట్లు మానేశానని పెళ్ళానికి చెబుతున్నాడు చూడండీ, పచ్చి అబద్ధం" అని పనిలో పనిగా ఒక కబురు. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు.

ఇందులో నవ్వులాట కాని సంగతి ఒకటుంది. మెకానిక్కులవీ, రంగులేసే వాళ్ళవీ బట్టలు వస్తాయి. వాటిలో పెట్రోలో, థిన్నరో ఇంకి ఉంటుంది. ఉతికినా పూర్తిగా పోదు. అలాంటివి తిన్నగా ఆరబెట్టే వేడి డ్రమ్ములో వేస్తే భగ్గుమంటాయి. అందుకని ఉతికిన తడి మూట మళ్ళీ ముక్కక్క దగ్గరికే వస్తుంది. అనుమానం ఉంటే ఎర్రదారం కడుతుంది, అది పూటంతా బయట తీగ మీద ఆరాలి. ఏమీ లేకపోతే తెల్లదారం, తిన్నగా డ్రమ్ములోకి. తెల్లదారం కనపడితే డ్రమ్మాయన ఇంకేమీ అడగడు, మూత తీసి వేసేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు.

అలాంటి ముక్కును కాపాడుకోవద్దా మరి? ముక్కక్క ఒంటికి పౌడరు రాసి ఎరగదు, వాసన సబ్బు వాడి ఎరగదు. ఇంట్లో ఎవరినీ వాడనిచ్చి ఎరగదు. మొగుడు బతికున్నన్నాళ్ళూ పాపం మాట్లాడకుండా సర్దుకుపోయాడు. కొడుకూ అలాగే పెరిగాడు. మూడేళ్ళ కింద కోడలొచ్చింది, తనతో ఒక సెంటు సీసా తెచ్చింది.

బస్టాపు పక్కన దువ్వెనలూ రబ్బరు బ్యాండ్లూ అమ్మే కొట్లో దొరికే సరుకది. ప్లాస్టిక్ సీసా, దాని మీద ఏ తోటలోనూ పూయని గులాబీరంగు పువ్వు బొమ్మ. కోడలు ఒక స్కూలు ఆఫీసులో టైపు చేస్తుంది. పొద్దున్నే బయల్దేరేముందు మెడ దగ్గర రెండుసార్లు కొట్టుకునేది. ముక్కక్కకు ఒళ్ళు మండిపోయేది.

"అమ్మా తల్లీ, నీ సెంటు ముందొస్తుంది, పావుగంటకు నువ్వొస్తావు. నా ముక్కు మీద నా ఉద్యోగం ఆధారపడి ఉందే! నీకు చేతులెత్తి దణ్ణం పెడతా."

"సరే అత్తయ్యా," అనేది కోడలు. నిజంగానే మెట్ల మీదకు పోయి కొట్టుకునేది. ఆ గాలి కాస్తా మళ్ళీ ఇంట్లోకే వచ్చేది. మూడేళ్ళూ ఈ భాగోతమే.

ఇలా ఉండగా ముక్కక్కకు జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. పదకొండో రోజు లేచి టీ కప్పు నోటి దగ్గర పెట్టుకుంటే వేడి తెలిసింది గానీ టీ తెలియలేదు. ఉల్లిపాయ కోసింది, కళ్ళు మండాయి గానీ వాసన లేదు. అగ్గిపుల్ల గీసి ఆర్పి ముక్కు కింద పెట్టుకుంది. ఏమీ లేదు. గోడను వాసన చూసినట్టుంది. జలుబు తగ్గితే అదే వస్తుందిలే అనుకుంది. జలుబు తగ్గింది, ముక్కు మాత్రం రాలేదు.

ఎవరికి చెబుతుంది? ముక్కు లేని ముక్కక్క అంటే ఊరికే ఒక ముసలావిడ. చెప్పలేదు. కళ్ళతో, వేళ్ళతో నెట్టుకొచ్చింది. మూటలో జిడ్డుంటే వేలికి తెలుస్తుంది, రంగు చుక్కలుంటే కంటికి తెలుస్తాయి. ఏమాత్రం అనుమానం వచ్చినా ఎర్రదారమే. దాంతో వెనక పెరట్లో తీగలు వంగిపోయేటన్ని బట్టలు.

"ఏంటి ముక్కక్కా, ఈమధ్య ఊరు ఊరంతా పెట్రోలు తాగుతోందా?" అంది ఓనరమ్మ.

"కాలం అలా ఉందమ్మా," అంది ముక్కక్క. ఏ కాలమో, ఎలా ఉందో ఆవిడకే తెలియదు.

రెండు నెలలు ఇలా గడిచాక ఒక మంగళవారం, స్టూలు మీద కూర్చుని ఎవరిదో దుప్పటి మడత విప్పుతుంటే, వాసన వచ్చింది.

పూలవాసన. ముక్కక్క చేతులు అక్కడే ఆగిపోయాయి. దుప్పటిని ముక్కుకు అదుముకుంది. దుప్పటిది కాదు. పక్క మూటదీ కాదు. లేచి బల్ల కిందకు వంగింది, సబ్బుపొడి డబ్బా మూత తీసింది, కిటికీ దగ్గరికి పోయింది, మళ్ళీ వచ్చింది. ఉంది, పోయింది, మళ్ళీ ఉంది. ఎక్కడిదో తెలియడం లేదు గానీ ఏమిటో తెలిసిపోయింది. అదే, కోడలి బస్టాపు సెంటు! ప్రపంచంలో ఇన్ని వాసనలుండగా, కాఫీ ఉండగా, వానపడ్డ మట్టి ఉండగా, ఇదా తిరిగొచ్చేది? నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

"తమ్ముడూ, ఇటు రా," అని డ్రమ్మాయనను పిలిచింది. "ఇక్కడ పూలవాసన వస్తోందా?"

ఆయన బుద్ధిగా గాలి పీల్చాడు. "వస్తోందక్కా. భలే వస్తోంది."

ఇస్త్రీ అక్కాచెల్లెళ్ళను అడిగింది. పెద్దది "మల్లెలా ఉంది" అంది. చిన్నది "గులాబీ కాదూ?" అంది. ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు కూడా. ఓనరమ్మ గల్లాపెట్టె దగ్గర నుంచే "నాకూ వస్తోందిలే, పని చూడండి" అంది.

ఇంకేం కావాలి? నలుగురికి వచ్చింది, తనకూ వచ్చింది. అంటే ముక్కు బతికింది! వాళ్ళంతా ముక్కక్కకు వచ్చిందంటే ఉండే ఉంటుందన్న నమ్మకంతో తలాడించారని ఆవిడకు తట్టలేదు. ఎలా తడుతుంది, ఆ నమ్మకం తను పెంచిందే.

మూడు రోజులు ఆ వాసన వచ్చింది, పోయింది. బస్సులో వచ్చింది, పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే వచ్చింది. మొదటి రోజు చిరాకు పడింది. రెండో రోజు వస్తుందేమోనని చూసింది. మూడో రోజు కాసేపు రాకపోతే బెంగపడింది. ఇదేం చోద్యమే తల్లీ అని తనను తానే తిట్టుకుంది.

ఖరీదైన సెంట్లు ఆవిడ ఎరగనివి కావు. పెద్దింటి వాళ్ళ కోట్ల మీద, శాలువాల మీద ఎన్ని చూడలేదు! అవన్నీ తాళం వేసిన గదుల్లా ఉంటాయి. ఎంత పీల్చినా లోపలికి రానివ్వవు. ఇదలా కాదు. ముందు చక్కెర తగులుతుంది, మరీ ఎక్కువ, పళ్ళు జివ్వుమనేంత. ఆ తర్వాత ఒక పువ్వు. ఏ పువ్వంటే చెప్పలేం. చివర్లో అప్పుడే తలస్నానం చేసి వచ్చిన మనిషి పక్కన నిలబడ్డట్టు చల్లగా ఏదో. ఈ చివరిది మూడేళ్ళలో ఒక్కసారీ ఆవిడకు తెలియలేదు. తెలిసేదాకా ఎప్పుడు ఉండనిచ్చింది గనక? చక్కెర దగ్గరే తిట్టడం మొదలుపెట్టేది. చవక సరుకే, అందులో సందేహం లేదు. అయినా బాగుంది. ఎందుకు బాగుందో తెలియక ఆవిడకు తిక్కతిక్కగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం రంగులేసే వాళ్ళ మూట ఉతుకు నుంచి వచ్చింది. ముక్కక్క ఒక్కో ప్యాంటూ తీసి పాత పద్ధతిలో ముక్కు దగ్గర పెట్టుకుంది. థిన్నరు లేదు. పైగా ఆ పూలవాసన సన్నగా ఆడుతోంది. ముక్కు పనిచేస్తోంది, థిన్నరుంటే తెలియదూ? రెండు నెలల తర్వాత మొదటిసారి, రెండో ఆలోచన లేకుండా తెల్లదారం కట్టింది.

పావుగంటకు డ్రమ్ములోంచి ధబ్బుమని చప్పుడు. మూత సందుల్లోంచి నల్లటి పొగ. డ్రమ్మాయన ఒక్క ఉదుటున కరెంటు ఆపి, బకెట్ల కొద్దీ నీళ్ళు కొట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు, ఆయన ముంజేతి వెంట్రుకలు కాలాయంతే. బట్టలు మాత్రం బొగ్గు. డ్రమ్ము లోపలంతా మసి.

ఓనరమ్మ కాలిన మూటలోంచి దారం ముక్క వెతికి తీసింది. సగం కాలినా తెల్లగానే ఉంది.

"తెల్లదారం ఉంది. ముక్కక్క కట్టింది. అంటే బట్టల తప్పు కాదు," అని డ్రమ్మాయన వైపు తిరిగింది. "వేడి ఎంతకు పెట్టావు నువ్వు?"

"ఎప్పుడూ పెట్టేదేనమ్మా... ఏమో, మీట కాస్త ఎక్కువ తిప్పానేమో," అన్నాడాయన. నిజంగానే అనుమానపడుతున్నాడు, తన చెయ్యిని తనే ఎగాదిగా చూసుకుంటున్నాడు.

"ఏమో ఏంటయ్యా ఏమో? మనుషులు పోయేవాళ్ళు! రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

తప్పు తనదేనని ముక్కక్కకు అర్థమైంది. నోరు మూసుకుంటే చాలు, తన స్టూలు తనకుంటుంది. ఎవరూ అడగరు. ఆయన ఇద్దరు పిల్లల తండ్రి, తన తెల్లదారాన్ని దేవుడి మాటలా నమ్మినవాడు. అలా నమ్మినందుకే ఇప్పుడు మీట తప్పేమోనని చూసుకుంటున్నాడు. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

"అమ్మా, తప్పు నాది. నాకు ముక్కు పనిచెయ్యడం లేదు. రెండు నెలలైంది."

ఇస్త్రీ పెద్దమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "చూశారా, ముక్కక్క మనసు వెన్న. అతన్ని కాపాడటానికి తన మీద వేసుకుంటోంది."

"కాదే! నిజంగా లేదు!"

"ఊరుకో అక్కా," అన్నాడు డ్రమ్మాయన. "నా కోసం అబద్ధమాడకు. మొన్న పూలవాసన అందరికంటే ముందు పట్టింది నువ్వే కదా."

ఇదెక్కడి గోలరా దేవుడా! ముక్కుందని రెండు నెలలు అబద్ధమాడితే నమ్మారు, లేదని ఒక్క నిజం చెబితే నమ్మరే! ముక్కక్కకు కోపమొచ్చింది. "సరే, నేను వెనక్కి తిరుగుతా. ఒక గ్లాసులో నీళ్ళు పొయ్యండి, ఇంకో గ్లాసులో మరకల మందు పొయ్యండి. అప్పుడు చూడండి."

మరకల మందు చూడటానికి నీళ్ళలాగే ఉంటుంది. వాసన మాత్రం సీసా మూత తీస్తే గుమ్మం దాకా తల తిప్పేస్తుంది. ఓనరమ్మ విసుక్కుంటూనే రెండు గ్లాసులూ బల్ల మీద పెట్టింది. ముక్కక్క ఇటు తిరిగి ఒకటి ఎత్తి వాసన చూసింది, రెండోది ఎత్తి చూసింది. మళ్ళీ మొదటిది. ఇస్త్రీ చిన్నమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "భలే నటిస్తోంది" అంది.

నటన కాదు. సరిగ్గా అప్పుడే పూలవాసన వచ్చింది, కుడిచేతి గ్లాసు వైపు నుంచి. ఏదో ఒక వాసన వస్తోందంటే మందు అటే ఉంది కాబోలు అనుకుంది ముక్కక్క. "ఇవి నీళ్ళు," అని ఎడమచేతి గ్లాసు ఎత్తి నోటికి ఆనించబోయింది.

డ్రమ్మాయన చేతి దెబ్బకు గ్లాసు ఎగిరి గోడకు కొట్టుకుంది. గదంతా ఘాటు కమ్మేసింది. అక్కాచెల్లెళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గారు. ఓనరమ్మ కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకుంది. ముక్కక్క ఒక్కతే, ఏమైందో తెలియక, అందరి మొహాలూ చూస్తూ నిలబడింది.

ఓనరమ్మ డ్రమ్మాయనతో "రేపు రా," అంది. ముక్కక్క వైపు తిరిగి అంది: "ముందే ఎందుకు చెప్పలేదు ముక్కక్కా? అతను చచ్చిపోయుండేవాడు." తర్వాత గొంతు తగ్గించి, "సోమవారం నుంచి గుండీలు కుట్టు. ఆ స్టూలు మీద ఇంకొకరిని చూస్తాను," అంది. ముక్కక్క తలూపింది. సంచి తీసుకుని బయటపడింది.

కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తగారు దీపం కూడా వెయ్యకుండా మంచం మీద కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పింది. ఎప్పుడూ కోడలి ముందు ఏడవని మనిషి, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది.

"మూడేళ్ళు నీ సెంటును తిట్టానే అమ్మాయ్. ఇప్పుడు నాకు మిగిలింది అదొక్కటే. కాఫీ రాదు, పొగ రాదు, చావుకు దారితీసే మందు రాదు, నీ సెంటు మాత్రం వస్తోంది. నువ్వు పొద్దున్న కొట్టుకుంటావు చూడు, అది నా బట్టలకు పట్టి షాపు దాకా వస్తోందనుకుంటా. ఎంత బాగుంటుందో తెలుసా? చక్కెర పోయాక చివర్లో చల్లగా ఒకటుంటుంది. ఇంతకాలం నాకు తెలియనే లేదు."

కోడలు అయోమయంగా చూసింది. "అత్తయ్యా, నేనది కొట్టుకోవడం మానేసి రెండు నెలలైంది."

"మానేశావా?"

"మీకు జ్వరం వచ్చినప్పుడు. ఆ వాసనకు మీ దగ్గు ఎక్కువవుతోందని తీసి లోపల పెట్టేశాను. మళ్ళీ ముట్టుకోలేదు. ఇల్లంతా ఎక్కడా లేదు అత్తయ్యా."

ముక్కక్క తన కొంగు ఎత్తి ముక్కుకు ఆనించుకుంది. మరి మల్లె అన్నదెవరు, గులాబీ అన్నదెవరు? బస్సులో వచ్చిందేమిటి? లేని వాసనను పట్టుకుని ముక్కు బతికిందనుకుందా తను?

కోడలు బీరువా తెరిచి, అడుగున దుప్పట్ల కింద నుంచి ఆ ప్లాస్టిక్ సీసా తీసింది. అత్తగారి చెయ్యి పట్టుకుని మణికట్టు మీద రెండుసార్లు కొట్టింది. తడి చల్లగా తగిలింది. ముక్కక్క మణికట్టును ముక్కుకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి ఆగేంతవరకూ పీల్చింది.

"వస్తోందా అత్తయ్యా?"

"రావడం లేదే."

కోడలి మొహం చిన్నబోయింది. సీసాకు మూత పెట్టి మళ్ళీ బీరువా వైపు నడవబోతే, ముక్కక్క ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లోపల పెట్టకు. రేపు కొట్టుకో, ఎల్లుండి కొట్టుకో, రోజూ నా పక్కనే నిలబడి కొట్టుకో. నా ముక్కు ఎప్పుడు తిరిగొస్తుందో ఏమో. వచ్చేసరికి నువ్వు ఆ వాసనతో ఇక్కడ ఉండాలి కదే."